హైదరాబాదు యానిమేషన్ చిత్రనిర్మాతలకు కేసముద్రము నుండి బహిరంగ లేఖ



హైదరాబాదు నగరమున కూర్చుండి బొమ్మలకు ప్రాణము పోసి, ఆ బొమ్మలచేత దేశదేశముల పిల్లలను నవ్వించుచున్న చిత్రనిర్మాతలకును, చిత్రకారులకును, సంగీతజ్ఞులకును, మహబూబాబాదు జిల్లా కేసముద్రము నుండి నమస్కరించి వ్రాయు లేఖ ఇది. నేను కోరునది ఒక్క సంస్థ వలన గాని, ఒక్క మనుష్యుని వలన గాని తీరునది కాదు. కోరికలో నాతో పాలుపంచుకొను ఇండ్లు మా ప్రాంతమున అనేకములున్నవి. అందువలన మీలో ఏ యొక్కరి పేరును వ్రాయక, నలుగురు చదువునట్లు బహిరంగముగా వ్రాయుచున్నాను. డిసెంబరు మాసమున, క్రిస్మస్ పండుగ దినములలో, తాత మొదలు మనుమరాలి వరకు ఇంటిల్లిపాదియు ఒక్కచోట కూర్చుండి చూచుటకును వినుటకును తగిన యానిమేషన్ చిత్రమునొకదానిని, మన నేల మీద పుట్టిన కథారీతితో, మన కీర్తనల సంగీతముతో, తెలుగున మీరు నిర్మింపవలెనని నా ప్రార్థన.

కాజీపేట నుండి విజయవాడకు పోవు రైలుమార్గమున, మానుకోట యనబడు మహబూబాబాదునకు ముందు వచ్చు చిన్న స్టేషను మాది. డిసెంబరు వచ్చుసరికి వానకాలపు పంట చేతికంది, మార్కెట్ యార్డులో వడ్లు, మక్కలు రాసులు పడియుండగా, ఊరి చుట్టునున్న చెలకలలో ఆడువారు నడుములకు ఒడి కట్టుకొని పత్తి ఏరుచుందురు. తెల్లవారుజామున చెట్ల నడుమ పొగవలె నిలుచు మంచే గాని, నేలను కప్పు మంచును మా ఊరివారెవ్వరును ఎన్నడును చూచి యెఱుగరు. ఆ నెలలో మా కంటికానెడి తెలుపంతయు పత్తి తెలుపే. నెలలో మొదటి వారము గడచునప్పటికి క్రైస్తవ గృహముల ముంగిళ్లపై, వెదురుబద్దలకు రంగుకాగితమునతికించి లోపల బల్బునమర్చిన స్టార్లు వెలుగును; పండుగకు ముందుగా జరుపుకొను సెమీ క్రిస్మస్ సభలు ఒకదాని వెంట ఒకటి జరుగును; రాత్రి తొమ్మిది దాటిన పిమ్మట క్యారల్స్ బృందము డోలకు, కంజీర, తాళములు చేతబట్టి బయలుదేరి, ఇంటింటి ముంగిట నిలిచి రెండు పాటలు పాడి, పాస్టరుగారు ప్రార్థన చేయగా తల వంచి, ఇచ్చిన చాయ త్రాగి మఱియొక వాడకు కదలును. నేను క్రైస్తవ కుటుంబమున పుట్టినవాడను కాను. అయినను బతుకమ్మ పాట ఎట్లు అందఱి చెవులలోను పడి పెరుగునో, పీరీల పండుగ డప్పు ఎట్లు అన్ని వాడలకును వినబడునో, అట్లే ఆ క్రిస్మస్ పాటలును చిన్ననాటి నుండి మా వాకిట విని పెరిగినవాడను. వానిపై నాకు గల మమకారము విశ్వాసమునకు సంబంధించినది కాదు, ఇరుగుపొరుగునకు సంబంధించినది.

పాట వాకిట ఇట్లు సాగుచుండగా ఇంటి లోపల పిల్లలు టెలివిజను ముందో, ఫోను చేతబట్టుకొనియో కూర్చుండి, పండుగ సెలవులకై వచ్చిన బొమ్మల చిత్రములను చూచుచుందురు. ఆ చిత్రములను నేను నిందింపను. 2019 నవంబరున వచ్చిన ఫ్రోజెన్ రెండవ భాగమున ఎల్సాకు నిత్యా మేనన్, బాల్యములోని ఎల్సాకు చిన్నారి సితార తెలుగు గొంతులిచ్చిరి. 2024 డిసెంబరు 20వ తేదీన, సరిగా క్రిస్మస్ దినములలో, ముఫాసా చిత్రము వచ్చినపుడు ముఫాసాకు మహేశ్ బాబు మాటలాడగా, పుంబాగా బ్రహ్మానందము, టిమోనుగా అలీ పలికిరి. తెలుగు పలుకుబడిని పరభాషా చిత్రము పెదవులకు అతుకునట్లు కూర్చుట సామాన్యమైన శ్రమ కాదు. ఆ శ్రమ వలననే అక్షరము రాని ముసలివారు సైతము మనుమల ప్రక్కన కూర్చుండి కథను అనుసరింపగలిగిరి. అయినను మాట మాత్రమే మనది అయి, ఇల్లు, చెట్టు, ఋతువు, వాద్యము, అన్నము అన్నియు పరాయివి అయినప్పుడు, చెవి ఇంట నుండగా కన్ను విదేశమున తిరుగును. ఒక పండుగ సంగతిలో ఇది ఏటేటా జరిగినచో, ఆ పండుగ తన ఊరిలో కంటె మఱెక్కడనో నిజముగా జరుగుచున్నదనియు, తమ వాకిట జరుగునది దాని నకలనియు పిల్లవాని మనస్సున నాటుకొనును. నన్ను బాధించునది ఇదియే.

ఒక రాత్రి మా పొరుగింట చూచిన ముచ్చటను ఇచట చెప్పవలసియున్నది. ఆ ఇంటి చిన్నది బొమ్మల చిత్రములో క్రిస్మస్ తాత పొగగొట్టము గుండా దిగి కానుకలు పెట్టుట చూచి, దిగులుపడి, ప్రక్కన సకినాలకు నువ్వులు చెరుగుచున్న ముసలమ్మను అడిగినది: "నాయినమ్మా, మనింటికి పొగగొట్టం లేకపాయె గద, మరి తాత యాడికెల్లి వస్తడు?" ముసలమ్మ చేటను దించకయే చెప్పినది: "వాకిట్లకెల్లే వస్తడు బిడ్డా. మన తలుపు ఎప్పుడన్న ఏసి ఉంటదా? వచ్చినంక ఇంత చాయ తాగి పోతడు." చిన్నది ఆ మాటకు తృప్తిపడి, వెంటనే లేచి, అర్ధము చేరవేసియున్న తలుపును పూర్తిగా బార్లా తెఱచి వచ్చినది. తెలుగున ఒక క్రిస్మస్ చిత్రము తీయదలచినవానికి ఇంతకంటె చక్కని ఆరంభదృశ్యము ఎవ్వరు వ్రాసి ఇత్తురు?

అన్యదేశముల వారు ఇట్టి పనిని ఎట్లు చేసిరో మీకు తెలియని విషయము కాదు గాని, ఈ లేఖను చదువు ఇతరుల కొఱకు ఒక ఉదాహరణము చెప్పెదను. 1965 డిసెంబరు 9న అమెరికాలో సీబీఎస్ టెలివిజను ప్రసారము చేసిన 'ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్' అరగంట కార్యక్రమము. చార్లెస్ షుల్జ్ పత్రికలలో గీయుచుండిన పిల్లల బొమ్మలే అందలి పాత్రలు; విన్స్ గ్వరాల్డి అను విద్వాంసుడు, ఆ దేశపు నేలలో పుట్టిన జాజ్ సంగీతమునే పియానోపై పలికించెను; పిల్లల పాత్రలకు నిజమైన పిల్లలచేతనే మాటలాడించిరి; నవ్వుల ధ్వనిని కలుపుట నాటి టెలివిజను ఆచారమైయుండగా దానిని మానివైచిరి; నడుమ ఒక బాలుడు నిలిచి లూకా సువార్తలోని జన్మవృత్తాంతమును ఆర్భాటము లేక అప్పజెప్పును. ముందుగా చూచిన సీబీఎస్ అధికారులకు అది రుచింపలేదు, ప్రజలకు రుచించినది, ఎమ్మీ, పీబాడీ పురస్కారములు రెండును దానికి లభించినవి. ఆ చిత్రమున మంచు కురియును, ఏలయన వారి ఊరిలో మంచు కురియును. మన చిత్రకారుడు ఆ మంచును తెచ్చి మన పెంకుటిండ్లపై చల్లినచో వారి పద్ధతిని అనుసరించినట్లు కాదు, దానికి విరుద్ధముగా నడచినట్లగును. వారి పద్ధతిని నిజముగా అనుసరించువాడు పత్తిచెలకను గీయును. ఇట్లే 1982 డిసెంబరు 26న ఇంగ్లండులో ప్రసారమైన 'ది స్నోమాన్' చిత్రము, హోవర్డ్ బ్లేక్ సంగీతము ఆధారముగా, దాదాపు మాటలే లేక కథ నడిపి, నేటికిని అచ్చటి ఇండ్లలో పండుగలో భాగమై నిలిచియున్నది.

మాటలు లేక కథ నడపుట మీకు క్రొత్త కాదు. 2001లో రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ 2008 నుండి పోగో ఛానలున ఛోటా భీముని నడిపి, ఢోలక్‌పూర్ అను ఊహానగరమును ఈ దేశపు ప్రతి పిల్లవానికి పొరుగూరు చేసినది. 2019లో నెట్‌ఫ్లిక్స్‌న వచ్చిన మైటీ లిటిల్ భీమ్ మాటల అవసరము లేకయే చంటిపిల్లవాని అల్లరితో ప్రపంచమంతట తిరిగినది. దీపావళికి, హోళీకి, గాలిపటముల పండుగకు ఆ చిట్టి భీమునితో ప్రత్యేక చిత్రములు వచ్చినవి. మన హైదరాబాదులోని డీక్యూ సంస్థ జంగిల్ బుక్‌ను ధారావాహికముగా తీసి పరదేశములకు పంపినది. బి. సత్య దర్శకత్వమున వచ్చిన 'కిట్టు' అను తెలుగు చిత్రము 2006వ సంవత్సరమునకు ఉత్తమ యానిమేషన్ చిత్రముగా జాతీయ పురస్కారము నందినది. శక్తి లేదని చెప్పుటకు వీలులేని స్థితిలో మీరున్నారు. కథాసామగ్రి లేదందురేమోయని, మా సీమలో అది ఎట్లు పడియున్నదో చూపెదను.

మా ఊరిలో రైలెక్కి మానుకోట దాటిపోయినచో డోర్నకల్ జంక్షను వచ్చును. తిరునల్వేలి ప్రాంతమున పుట్టిన తమిళుడు, వేదనాయగం శామ్యూల్ అజరయ్య, 1909లో ఆ ఊరికి వచ్చి, తెలుగు నేర్చి, పల్లె పల్లెకు తిరిగి, 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌న అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘమున బిషప్పు పదవిని పొందిన మొదటి భారతీయుడయ్యెను. ఆయన డోర్నకల్‌లో కట్టించిన ఎపిఫనీ కెథెడ్రల్ 1939 జనవరి 6న, నక్షత్రమును వెంబడించి వచ్చిన జ్ఞానులను స్మరించు పండుగనాడే ప్రతిష్ఠితమైనది. దానిని చూచినవారికి విదేశపు గోపురాగ్రములు కనబడవు. దేవాలయ మండపములను పోలిన స్తంభములును, మస్జిదు గుంబజులను పోలిన శిఖరములును ఒక్క కట్టడమున పొత్తు కుదిరి నిలిచియుండును. నిజాము రాజ్యమున, మూడు మతముల ప్రజ ఇరుగుపొరుగుగా బ్రతుకుచున్న తెలుగు సీమలో, క్రీస్తు మందిరము ఏ రూపున నుండవలెనో ఆలోచించి కట్టినది అది. భజనలకును, కీర్తనలకును, కథాకాలక్షేపములకును, నాటకములకును అజరయ్య ఆరాధనలో చోటిచ్చెను. పల్లెవాని గొంతులోని పాటను తీసివేసి ఆంగ్ల గీతమును పెట్టవలెనని ఆయన తలంపలేదు. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్ నందే కన్నుమూసెను. ఆయన రాతితో చేసిన పనిని మీరు రేఖలతో చేయవలెనని నేను అడుగుచున్నాను.

సంగీతమునకు వత్తునేని, 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అను పుస్తకము తెలుగు క్రైస్తవ గృహములలో బైబిలు ప్రక్కన ఉండునది. అందు అనేక కీర్తనల నెత్తిన రాగము పేరు, తాళము పేరు అచ్చువేసియుండును. దానిని ఎఱుగని సంగీతాభిమానులు మనలో ఎందఱో ఉన్నారు. 1803లో పుట్టి 1890లో గతించిన పురుషోత్తమ చౌదరి మొదలుగా ఎందఱో వాగ్గేయకారులు, త్యాగరాజ కీర్తనలు విన్న చెవులతోను, యక్షగానములు చూచిన కన్నులతోను వ్రాసిన పాటలవి. ఒక్క కీర్తననే పెద్ద మందిరమున హార్మోనియముతో నింపాదిగా పాడినపుడు ఒక శోభ, అదే కీర్తనను వాడలో డప్పు దరువునకు పడుచువాండ్రు ఎత్తుకొన్నపుడు మఱియొక శోభ. నేడు కీబోర్డు, ప్యాడ్ వచ్చినవి. వచ్చుట తప్పు కాదు. కాని అన్ని పాటలకును ఒక్కటే సినిమా దరువు వేయుటచేత, ఏ పాట ఏ రాగమున పుట్టినదో పాడువారికే తెలియని కాలము వచ్చుచున్నది. చిత్రసంగీతము కూర్చువారు ఈ కీర్తనలను నేపథ్యమున అలంకారముగా పొదుగుటకు గాక, కథకు వెన్నెముకగా తీసికొనవలెను.

ఇక కథ. సువార్తలో దేవదూత తెచ్చిన వార్త ముందుగా అందినది హేరోదు రాజునకు కాదు; రాత్రివేళ పొలమున మందను కాచుకొనుచున్న గొఱ్ఱెల కాపరులకు. ఈ వాక్యమును అమెరికా పిల్లవాడు చదివినచో, ఏదో పురాతన దేశమును ఊహించుకొనవలసి వచ్చును. మా కేసముద్రము పిల్లవాడు ఊరి బయటికి నడచిపోయి చూడవచ్చును. వరి కోసిన మళ్లలో, వచ్చు పంటకు ఎరువగుటకై, రైతులు గొల్ల కురుమలను పిలిచి మంద పెట్టింతురు. పొద్దు గూకినది మొదలు గొఱ్ఱెలను ఒక్కచోట కూడదోలి, చుట్టు కాపు కాసి, కాపరులు గొంగళ్లు నెత్తి మీదుగా కప్పుకొని నెగడు చుట్టు కూర్చుందురు. కుక్క ఒకటి చెవులు నిక్కించి చీకటివైపు చూచుచుండును. నడిరేయి ఈనిన గొఱ్ఱె పిల్లను ఒకడు తన గొంగడి కొంగున చుట్టి, నెగడు దగ్గఱకు తెచ్చి, వెచ్చబెట్టి, తల్లి పొదుగునకు అందించును. నేనొకప్పుడు ఆ పనిని దగ్గఱ నిలిచి చూచితిని. తడిసిన పిల్ల వణకుచుండగా ఆ కాపరి దాని ముక్కులోని జిగటను వ్రేలితో తీసి, నోటితో ఊది, అది మొదటిసారి అరచినప్పుడు తానే ఈనినంత సంతోషపడెను. ఆ చేతులను మీ చిత్రకారులు గీయగలిగినచో, కొట్టములో పుట్టిన శిశువును ఆ కాపరులు చూడబోవునప్పుడు వారు ఎట్లు నడతురో, ఎట్లు వంగుదురో, ఎట్లు చేతులు చాపుదురో మీకు వేఱుగా ఎవ్వరును చెప్పనక్కఱ లేదు.

ఆ కాపరుల కులములోనిదే ఒగ్గుకథ. జనగామ జిల్లా మాణిక్యాపురమునకు చెందిన చుక్క సత్తయ్య 2017లో గతించువరకు దానిని ఊరూరను దేశమంతటను వినిపించెను. ఒక్క మనుష్యుడే రాజగును, రాణి యగును, ఏడ్చు తల్లి యగును, మఱు నిమిషమున ప్రక్క వంతగాని వైపు తిరిగి చమత్కరించును. చిత్రమునకు కథకుడు కావలసివచ్చినచో ఈ రీతి కంటె సజీవమైనది నాకు తోచదు. ఒక్క హెచ్చరిక మాత్రము చేయవలసియున్నది. ఒగ్గు మల్లన్న కొలువునకు చెందిన పవిత్ర వాద్యము. దానిని మోగించువారిని అడిగి, వారు సమ్మతించిన మేరకు, వారికి తగిన పారితోషికమిచ్చి, వారి పేర్లు తెరపై వేసి వాడుకొనుటయే న్యాయము. వారు వలదన్నచో రీతిని మాత్రము నేర్చికొని, డప్పుతో, డోలకుతో కథ నడుపుడు.

బొమ్మల రూపము కొఱకు చేర్యాలను చూడుడు. పాత వరంగల్లు జిల్లాలోని ఆ ఊరి నకాషీ చిత్రకారులు మూడడుగుల వెడల్పు గల బట్టపై, ఎఱ్ఱని నేపథ్యమున, గడి వెంట గడిగా ఒక కులపురాణమునంతయు గీయుదురు. కథకుడు ఆ పటమును రాత్రి వేళ దీపమునెదుట కొంచెము కొంచెముగా విప్పుచు, పాట పాడుచు, ఏ గడి వచ్చినపుడు ఆ గడిలోని కథను చెప్పును. గడి వెంట గడి, వెలుగు, పాట, చీకటిలో కూర్చున్న ఊరు: మీ కళలో ఉన్నదంతయు అందును ఉన్నది. ఇది నా ఉత్సాహము మాత్రమే కాదు. 1957లో ఫిల్మ్స్ డివిజన్ వారు, డిస్నీ సంస్థలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ శిక్షణలో 'ది బన్యన్ డీర్' అను బౌద్ధ జాతక కథను బొమ్మల చిత్రముగా తీసినపుడు, ఆకృతులకై అజంతా గుహల వైపు చూచిరి. డిస్నీ పనితనము నేర్పిన గురువు ఎదుట నుండగానే మన చిత్రకారులు డిస్నీ ముఖములను వదలి అజంతా ముఖములను గీసిరి. మీ పూర్వులు వేసిన త్రోవ అది.

కొన్ని మాటలు నిర్మొహమాటముగా చెప్పనిండు. చిత్రము మతప్రచారము కారాదు. ఎవ్వరి నమ్మకమును చులుకన చేయరాదు. అట్లని పండుగ అర్థమును దాచి, కేకు, కానుకలు, రంగుదీపములు మాత్రమే మిగుల్చుటయు తగదు. చార్లీ బ్రౌన్ చిత్రములో ఆ బాలుడు సువార్తను చదివిన రీతిగా, కథను కథగా, ప్రేమతో చెప్పిన చాలును; హిందువుల ఇంట, ముస్లిముల ఇంట, తండాలలో లంబాడీల ఇంట కూడ పిల్లలు దానిని తమ పొరుగువారి పండుగగా చూచి సంతోషింతురు. మా యాసను హాస్యపాత్రకు మాత్రమే పెట్టు పాత అలవాటును ఈ చిత్రమున విడిచిపెట్టుడు. మరియమ్మయు, యోసేపును మానుకోట తెలుగు మాటలాడినచో వారి గౌరవమునకు లోటు రాదు. నిడివి ఎక్కువ వలదు. ఇరువదియైదు నిమిషముల చిత్రమునకే, సెకనునకు ఇరువదినాలుగు చొప్పున, ముప్పదియాఱు వేల చిత్రచట్రములు కావలసియుండును. ఆ శ్రమను రెండు గంటలకు సాగదీసి పలుచన చేయుట కంటె, చిన్న చిత్రమును చిక్కగా తీయుట మేలు. పూర్తియైన పిమ్మట దానిని చందా కట్టువారికి మాత్రమే పరిమితము చేయక, దూరదర్శన్ యాదగిరి వంటి ఛానలునకును ఇచ్చినచో, సెమీ క్రిస్మస్ సభలలోను, పాఠశాలలలోను, మందిరపు ఆవరణములలోను తెర కట్టి ఊరంతటికి చూపుకొందుము.

చిత్రమునకు ధనము, కాలము, అనుమతులు కావలసియుండునని నాకు తెలియును. అది రెండేండ్లకు వచ్చినను, మూడేండ్లకు వచ్చినను ఎదురుచూడగలము. వేచియుండలేనిది ఒక్కటి కలదు. కీర్తనలను పాత బాణీలో, రాగము తప్పక, పుస్తకము చూడక పాడగల ముసలివారు మా పల్లెలలో ఏటేటా తగ్గిపోవుచున్నారు, వారి పాట ఏ స్వరలిపిలోను వ్రాయబడలేదు, వారితోనే పోవును. కావున చిత్రము సంగతి తరువాత ఆలోచించినను, ఈ డిసెంబరుననే మీ సంగీత విభాగము నుండి ఇద్దఱు ముగ్గురిని మంచి మైకులతో డోర్నకల్, మానుకోట, కేసముద్రము పల్లెలకు పంపుడు. క్యారల్స్ బయలుదేరు సమయమున వారి వెంట నడచిన చాలును. పాడువారిని వెదకనక్కఱ లేదు. వచ్చువారి బసకు, భోజనమునకు మా ఊరిలో ఏర్పాట్లు చేయుటకు నేనును, నా ఇరుగుపొరుగువారును సిద్ధముగా ఉన్నాము.

ఇట్లు,
కేసముద్రము వాస్తవ్యుడొకడు